నఖానేకి రివ్యూ, రామచంద్రయ్యకి నివాళి

సంగీతం మీద రాసే మనకో జబ్బుంది. దూరంగా ఉన్నవాళ్ళు ఆర్టిస్టులు, పక్కనున్నది మాత్రం 'అంతరించిపోతున్న కళ'. నాకూ ఉంది కాబట్టే రాస్తున్నా.

నఖానే దక్షిణాఫ్రికా క్వియర్ ఆర్టిస్ట్. 2018లో వచ్చిన 'యూ విల్ నాట్ డై' ఆల్బమ్‌లో సోల్, ఎలక్ట్రానిక్ బీట్ కలిసిపోతాయి. చర్చిని వదిలేసిన మనిషి గొంతులో చర్చి పాట ఇంకా మిగిలే ఉంటుంది. 2017 నాటి 'ఇన్‌క్సేబా' సినిమాలో, ఖోసా మగపిల్లల దీక్ష మధ్య మగవాళ్ళ ప్రేమకథలో నటించినందుకు చంపుతామని బెదిరించారు. మా గ్రూప్‌లో అందరూ ఆ ధైర్యానికి చప్పట్లు కొట్టారు. ఖమ్మం బస్టాండ్‌లో చప్పట్లు కొడుతూ వచ్చేవాళ్ళని చూసి తల తిప్పుకునేదీ మేమే.

ఆ ఆల్బమ్ చెవుల్లో పెట్టుకుని కొత్తగూడెం నుంచి మణుగూరుకి ఎన్నిసార్లు బస్సెక్కానో. మణుగూరు మండలంలోనే కూనవరం ఉంది (పోలవరం ముంపు పేరుతో ఆంధ్రలో కలిపిన కూనవరం కాదు). సకిని రామచంద్రయ్యది ఆ ఊరే. డోలు కొడుతూ సమ్మక్క సారలమ్మల కథని కోయలో, తెలుగులో చెప్పిన మనిషి. 2022లో పద్మశ్రీ ఇచ్చారు. 2024 జూన్‌లో చనిపోయారు. అప్పుడు రాశాం అందరం. పేదరికం రాశాం, అవార్డు రాశాం. ఆయన ఎలా పాడారో ఒక్కరం రాయలేదు. కోయలోంచి తెలుగులోకి ఎక్కడ మారతారు? మాట ఆగిన చోట డోలు ఏం చేస్తుంది? నఖానే గురించి ఇలాంటివి పేజీలకి పేజీలు రాస్తామే!

జానపదం అందరిదీ, దానికి రివ్యూ ఏంటి అంటారు. భద్రాచలంలో రామదాసు కీర్తనలు పదిహేడో శతాబ్దంవి. ఈ ఏడు ఎవరు బాగా పాడారో, ఎవరికి శ్రుతి తప్పిందో మాట్లాడుకోవట్లేదా? కోయ డోలు దగ్గరికి వచ్చేసరికే పాడేవాడు మాయమై, 'తెగ' ఒక్కటే మిగులుతుంది. అంతరించిపోతోంది అనడంలో ఎంత సుఖమో! వినక్కర్లేదు, బాధపడితే చాలు.

యూట్యూబ్‌లో ఆయన వీడియోలున్నాయి. ఆయన పోయాకే మొదటిసారి విన్నాను. కోయ మాటలు అర్థం కాలేదు. నఖానే పాటలో ఒక్క ముక్క అందకపోతే లిరిక్స్ వెతికేదాన్ని. ఇక్కడ వెతకాల్సింది నెట్‌లో కాదు, మా వీధి చివర కోయ పెద్దమ్మ ఉంది. ఇన్నేళ్ళుగా ఆమెతో ఒక్క మాటా మాట్లాడలేదు. ఇప్పుడెళ్ళి అడగడానికి సిగ్గేసి, మూడుసార్లు గుమ్మం దాకా పోయి వచ్చేశాను.