బల్ల దాటి రండి!

గత డిసెంబరులో హైదరాబాద్ బుక్ ఫెయిర్‌కి వెళ్లాను. ఎన్టీఆర్ స్టేడియం నిండా జనం. ఒక స్టాల్లో ఓ రచయిత తన పుస్తకాల వెనక కూర్చుని ఫోన్ చూసుకుంటున్నారు. ఆయన తలెత్తలేదు, నేను ఆగలేదు.

రెండు స్టాళ్ల అవతల ఒక రచయిత్రి బల్ల ఇవతలికి వచ్చి నిలబడ్డారు. "మీదే ఊరు బాబూ?" అని అడిగారు. ఖమ్మం అన్నాను. "అయితే ఈ కథ చూడు, మున్నేటి ఒడ్డునే జరుగుతుంది" అంటూ పేజీ తీసి చేతికిచ్చారు. కొనమని అనలేదు. నిలబడే రెండు పేజీలు చదివాను. మూడో పేజీ కోసం 150 రూపాయలు ఫోన్‌పే చేశాను.

కొనేవాడికి ముందు కావాల్సింది డిస్కౌంట్ కాదు, ఒక పేజీ రుచి. మన ఆవిష్కరణ సభల్లో లేనిది అదే. శాలువాలు, అతిథుల ప్రసంగాలు అయ్యేసరికి హాలు సగం ఖాళీ. చివర్లో రచయిత చెప్పేది కృతజ్ఞతలే. ఆపైన కాపీలు ఊరికే పంచేస్తారు. ఊరికే వచ్చిన పుస్తకం చాలాసార్లు అటకెక్కుతుంది.

మనం మాత్రం తక్కువ తిన్నామా? పోయిన ఏడాది ఫెస్ట్‌కి మన క్లబ్ కథల సంకలనం 200 కాపీలు వేయించాం. సగానికి పైగా ఇంకా క్లబ్ రూమ్‌లో అట్టపెట్టెల్లోనే ఉన్నాయి. స్టాల్ పెట్టాం, సెల్ఫీలు దిగాం, ఒక్క కథా చదవలేదు. అందులో నా కథా ఉంది. సిగ్గుపడి నేనూ బల్ల వెనకే కూర్చున్నా.

ఈసారి గంటకొకరం మైక్ పట్టుకుని రెండు నిమిషాలు చదువుదాం. అసలు ఘట్టం దగ్గర ఆపేద్దాం. మొదట నేనే చదువుతా. ఫ్రీ కాపీ మాత్రం అడగొద్దు, 60 రూపాయలే!