బేగూరు నుంచి హలసూరుకు నడవనివ్వండి

బెంగళూరు మడివాళలోని సోమేశ్వరుడి గుడి బయటి గోడల మీద తమిళ, గ్రంథ లిపుల్లో శాసనాలున్నాయి. వాటిలో పాతది 1247 నాటిది. వెంగళూరు పెద్దచెరువు కింది భూమిని వేప్పూరు ఆసామి ఒకాయన దానంగా రాసిచ్చిన సంగతి అందులో ఉంది. వేప్పూరంటే ఇప్పటి బేగూరే. ఆయన బేగూరు నుంచి ఇక్కడికి నడిచే వచ్చుంటాడు, మహా అయితే ఎద్దుల బండి కట్టించుకునుంటాడు. ఇవాళ అదే దారిన నడిచి రమ్మనండి చూద్దాం. బొమ్మనహళ్లి దాటేలోపే కాలిబాట మీద బైకులు ఎదురొస్తాయి. సిల్క్ బోర్డు దగ్గర రోడ్డు దాటాలంటే ప్రాణాలు అరచేతిలో పెట్టుకోవాలి.

మేం నెల్లూరు వాళ్లం. రిటైరయ్యాక అబ్బాయి దగ్గరికని మడివాళ చేరాం. శుక్రవారం రాత్రిళ్లు సంచులతో ట్రావెల్స్ బస్సుల కోసం నిలబడే మన పిల్లలకు మడివాళంటే ఊరెళ్లే బస్సెక్కే చోటు, అంతే. ఇక్కడ ఇంత పాత గుడి ఉందని కూడా చాలామందికి తెలీదు. నడిచే దారి లేదన్న ఈ గొడవ నాకు మొదట్నుంచీ ఉన్నదే, జపాన్ వెళ్లొచ్చాక ముదిరింది.

మా అమ్మాయి ఒసాకాలో ఉంటుంది. అక్కణ్నుంచి బస్సెక్కితే షికోకు దీవి. దీవి చుట్టూ 88 బౌద్ధాలయాలు, సుమారు 1,200 కిలోమీటర్ల దారి. అంతా నడిచేవాళ్లకు సుమారు నెలన్నర పడుతుంది. మోకాళ్లు ఒప్పుకున్నంత మేర మొదటి గుళ్లు కొన్ని చూసొచ్చాను. ఒకటో నంబరు గుడి ర్యోజెన్‌జి. లోపల మసక చీకటి, తలెత్తితే కప్పు నిండా వేలాడే లాంతర్లు. ఆఫీసులో ఒకామె నా యాత్ర పుస్తకం అందుకుని, కుంచెతో గబగబా నల్లటి అక్షరాలు రాసి, మీద ఎర్రటి సీళ్లు కొట్టి, సిరా అవతలి పేజీకి అంటకుండా పల్చటి కాగితం పెట్టి, రెండు చేతులతో ఇచ్చింది. సర్వీసంతా బ్యాంకు కౌంటర్లో సీళ్లు కొట్టినదాన్ని, ముచ్చటేసింది.

ఈ యాత్రకు మూలపురుషుడు కూకై అనే సన్యాసి (774–835). యాత్రికుడి చేతికర్రే ఆయన అని వాళ్ల నమ్మకం. అందుకే వంతెన మీద కర్ర ఆనించరు. ఒకప్పుడు తలదాచుకోను ఇల్లు దొరక్క ఆయన వంతెన కింద పడుకున్నాడట, కర్ర చప్పుడైతే నిద్ర చెడుతుందని! ఓ పల్లె దాటుతుంటే ఒక ముసలావిడ ఇంట్లోంచి పరుగున వచ్చి నా చేతిలో కమలాపళ్లు పెట్టింది. వద్దనకూడదు, అది యాత్రికులకిచ్చే కానుక, ఒసెట్టాయ్ అంటారు. బదులుగా మన పేరు రాసిన చీటీ ఒకటి ఇవ్వాలి.

పెట్టడంలో మనవాళ్లేం తీసిపోరు. శివరాత్రికి బెంగళూరు నుంచి ధర్మస్థలకు నడిచెళ్లేవాళ్లకు దారిలో మజ్జిగిచ్చే చేతులు బోలెడు. ఎండలు ముదిరితే మన ఊళ్లలో చలివేంద్రాలు వెలుస్తాయి. కాబట్టి జనం గురించి నాకు బెంగ లేదు. బెంగంతా కాలిబాట గురించే.

మన బెంగళూరులోనూ అలాంటి నడకదారి ఒకటి వేయొచ్చు. బేగూరు నాగేశ్వరుడి గుడిలో సుమారు 890 నాటి వీరగల్లు దొరికింది, బెంగళూరు పేరు దాని మీద ఉంది. అక్కడ బయల్దేరి మడివాళ సోమేశ్వరుడు, దొమ్మలూరు చొక్కనాథస్వామి, చివరికి హలసూరు సోమేశ్వరుడు. అన్నీ కలిపినా సుమారు 20 కిలోమీటర్లు. తెల్లారి బయల్దేరితే దీపాలవేళకు హలసూరు చేరొచ్చు. కావలసిందల్లా తెగని కాలిబాట, రోడ్డు దాటేచోట సిగ్నలు, దారి చూపే బోర్డులు, మధ్యాహ్నం గుడి మూసే వేళకు చేరినవాళ్లకు కూర్చోను అరుగు, ఓ కుళాయి, ఆడవాళ్లు వాడుకోదగ్గ మరుగుదొడ్డి. ఫ్లైఓవర్ల మీద పోసిన డబ్బులో ఇదెంత? బెంగళూరుకిప్పుడు ఒకటికి ఐదు కార్పొరేషన్లున్నాయి, ఎవరి వాటా దారి ఎంతో వాళ్లే తేల్చుకోవాలి.

బుద్ధుడి గుళ్లకీ మన గుళ్లకీ పోలికేమిటని మావారి అభ్యంతరం. షికోకు గుళ్లలో ఎక్కువ భాగం కూకై స్థాపించిన షింగోన్ శాఖవి. ఆ శాఖ గురుపరంపరలో నాగార్జునుడున్నాడు. దక్షిణ భారతంలో ఒక ఇనుప స్తూపం తెరిపించి ఆయన మంత్రగ్రంథాలు అందుకున్నాడని వాళ్ల కథ. ఆ స్తూపం మన అమరావతిదేనని కొందరు పండితుల ఊహ. నిజమో కాదో గానీ, ఇది చెప్పాక మావారు మరి మాట్లాడలేదు.

ప్రతి గుళ్లో ఒక పుస్తకం, ఒక సీలు కూడా పెడితే పిల్లలు సరదాకైనా నడుస్తారు. సీలు ఏ భాషలో అని అప్పుడే కొట్లాట మొదలెట్టకండి. కన్నడంలోనే కొట్టండి, మేం నెల్లూరు వాళ్లం కూడబలుక్కునైనా చదువుకుంటాం.