పట్నంలో ఆదివాసీ మాట

ఏలూరు జిల్లా ఏజెన్సీలో, బుట్టాయగూడెం కొండపల్లెల కోయలకు, షెడ్యూల్డ్ ప్రాంతాల పంచాయతీలకు వర్తించే 1996 నాటి పెసా చట్టం అండ ఉంది. పథకాల లబ్ధిదారుల్ని గ్రామసభే ఎంపిక చేయాలి. చింతపండు, అడ్డాకుల వంటి అటవీ ఫలసాయం మీద హక్కు ఆ సభకూ ఉంది. వాళ్ల పిల్లలు చదువుకో, కూలికో ఏలూరు, తాడేపల్లిగూడెం వంటి మైదాన పట్టణాలు చేరితే ఆ అండ ఉండదు. అక్కడ రోడ్డు వార ఈతబద్దలతో బుట్టలల్లే ఎరుకల తెగ కుటుంబాలను ఖాళీ చేయమన్నప్పుడు, ఆ నిర్ణయంలో వాళ్ల మాటకు చోటుండదు.

షెడ్యూల్డ్ ప్రాంతాల పట్టణాల కోసం 2001లో పార్లమెంటులో పెట్టిన ఇలాంటి బిల్లు చట్టం కాలేదు. మైదాన పట్టణాల ఊసు అందులోనూ లేదు. కెనడా, ఆస్ట్రేలియాల్లో నగర ఆదివాసుల స్వయంనిర్ణయాధికారంపై పరిశోధన సాగుతోంది. మన విశ్వవిద్యాలయాలూ ఆ పని చేపట్టాలి. అందులో ఏమడగాలో ఆదివాసులే నిర్ణయించాలి.

– సంపాదకుడు