గంట ముందు కూర్చున్నవాడు

పానశాలలో పాటకచేరీ ఏమిటని ముక్కుమీద వేలు వేసుకోకండి. న్యూయార్కులో మైక్ పోర్కో అనే ఇటలీ ఆసామీకి గెర్డీస్ ఫోక్ సిటీ అని ఒకటి ఉండేది. సోమవారం రాత్రి గిటారు చంకన పెట్టుకుని ఎవరొచ్చినా అక్కడ పాడవచ్చు. ఎవరు ముందు, ఎవరు వెనుక, ఎవరిని ఎప్పుడు దింపాలి, అదంతా నిర్వాహకుడి తలనొప్పి.

ఆ తలనొప్పి నేనెరుగుదును. మా కాలేజీ సభలో ఒక కుర్రవాడు పద్యం ఎత్తుకుని రాగం సాగదీస్తూంటే ఠంగుమని గంట కొట్టాను. చదివిన మిగతా రెండేళ్ళూ అతడు వేదిక ఎక్కలేదు. వేళకు సభ ముగించానన్న తృప్తి నాకు రెండు రోజులైనా నిలవలేదు.

1962లో గెర్డీస్ సోమవారాలు నడిపినవాడు గిల్ టర్నర్. తనూ గాయకుడే సుమండీ! ఇరవై ఏళ్ళ బాబ్ డిలన్ కొత్తగా కట్టిన పాట వినిపిస్తే, అప్పటికప్పుడు నేర్చుకుని, కాగితం ఎదురుగా అంటించుకుని తనే పాడి వినిపించాడట. అదే ‘బ్లోయిన్ ఇన్ ది విండ్’. 2016లో డిలన్‌కు నోబెల్ బహుమానం వచ్చింది. చూడ్డానికి టర్నర్ లేడు; 1974లోనే పోయాడు.

వచ్చే శనివారం మా సభకు మళ్ళీ నన్నే కూర్చోమన్నారు. గంట తేనక్కరలేదని కబురు పంపాను.