జమీన్ చాలదట, కాగజ్ కావాలట

"ఐర్లండ్‌లో పుడితే చాలు భాయ్, పాస్‌పోర్ట్ వచ్చేస్తది." మనవాళ్లు ఇప్పటికీ పూరా యఖీన్‌తో చెప్తుంటారు ఈ మాట. 2004 దాకా అది సచ్. ఇప్పుడు కాదు.

1998 బెల్‌ఫాస్ట్ ఒప్పందం తర్వాత ఆ దీవి మీద పుట్టిన ప్రతి బిడ్డ హక్కూ రాజ్యాంగంలోకి ఎక్కింది. ఎక్కువ కాలం నిలవలేదు. పరాయి తల్లులు కాన్పు కోసమే దిగుతున్నారని షోర్ లేచింది. 2004 జూన్ 11న రెఫరెండం పెడితే 79 శాతం 'హా' అన్నారు. 2005 జనవరి 1 నుంచి కొత్త ఖానూన్.

ఇప్పుడు అమ్మానాన్నల్లో ఒకరైనా ఐరిష్ లేదా బ్రిటిష్ పౌరులై ఉండాలి. లేదా ఆంక్షల్లేకుండా అక్కడ ఉండే హక్కు ఉండాలి. అదీ లేదంటే, కాన్పుకు ముందు నాలుగేళ్లలో మూడేళ్ల చట్టబద్ధ నివాసం చూపాలి. మెలికంతా ఇక్కడే. స్టూడెంట్ వీసా మీద గడిపిన రోజులు ఆ హిసాబ్‌లోకి రావు. ఆశ్రయం అడిగి ఫైసలా కోసం ఎదురుచూసిన రోజులూ రావు. హైదరాబాద్ నుంచో గుంటూరు నుంచో ఎంఎస్‌కి పోయి, డబ్లిన్‌లో కిరాయి కట్టి, పార్ట్‌టైం నౌకరీ చేసిన జంట ఉందనుకోండి. ఆ రెండేళ్ల మెహనత్ ఖాతాలో సున్నా.

అదే దేశం, ఐర్లండ్ మొహం చూడని బోస్టన్ మనిషి 'మా దాదీ అక్కడ పుట్టింది' అని రుజువు చూపితే, విదేశీ జననాల రిజిస్టర్‌లో పేరెక్కించి పౌరుణ్ణి చేస్తుంది. దాని మీద నాకేం ఏతరాజ్ లేదు. ఆలుగడ్డ కరువుకు ఇల్లు విడిచిన ఖౌమ్ తన మనవల్ని యాద్ పెట్టుకోవడం మంచిదే. కానీ ఖూన్‌కు ఇచ్చిన ఇజ్జత్ జమీన్‌కు ఎందుకు ఇవ్వరు? అంత వలస చూసినవాళ్లు ఇలా చేయడం నాకు నా-ఇన్సాఫీగానే కనిపిస్తది.

మనం వేలెత్తి చూపే హాలత్‌లోనూ లేం. 1987 జులై 1కి ముందు ఇక్కడ పుడితే చాలు, హిందుస్తానీలే. తర్వాత అమ్మానాన్నల్లో ఒకరు ఇండియన్ అయి ఉండాలన్నారు. 2004 డిసెంబర్ 3 నుంచి రెండోవాళ్లు 'అక్రమ వలసదారు' కూడా కాకూడదన్నారు. నెల తిరక్కుండా రెండు దేశాలూ దర్వాజా దగ్గరేశాయి! 2019 చివర్లో మా బస్తీల్లో సందూకులు తెరిచి పాత కాగజాత్ వెతికింది ఈ తారీఖుల ఖౌఫ్‌తోనే.

అక్కడున్న మన పిల్లలకు ఒక్క మాట. మీ బిడ్డకు ఐరిష్ హక్కు రాకుంటే, పుట్టిన ఏడాదిలోపే ఇండియన్ ఎంబసీలో జననం నమోదు చేయించండి. ఏడాది దాటితే ఢిల్లీ ఇజాజత్ కావాలి.