డిక్కీలో గ్యాసుబండ

మా కారు పాతది. తాగే పెట్రోలు చూస్తే మాత్రం పండక్కొచ్చిన కొత్తల్లుడే!

"వంటింటి గ్యాసుబండ డిక్కీలో పెట్టి గొట్టం తగిలిస్తాను మేష్టారూ, చవకలో పోతుంది" అన్నాడు రాజమండ్రిలో ఒక మెకానిక్కు. నాకు ఆశ పుట్టింది.

ఇంటికొచ్చి చెబితే మా ఆవిడ చేతిలో గరిటె ఆగిపోయింది. ఆవిడ పుట్టిల్లు కోనసీమ. 1995 జనవరిలో పాశర్లపూడి గ్యాసుబావి అంటుకుని 65 రోజులు మండినప్పుడు ఆవిడ బడిపిల్ల.

"ఆ మంట చూసినదాన్ని నేను. గ్యాసుతోనా మీ బేరాలు? వెనక సీట్లో కూర్చునేది పిల్లలండీ!" అంది.

నోరు మూసుకున్నాను. వంటగ్యాసు బండ కారుకి తగిలించడం చట్టరీత్యా నేరం కూడానూ. చివరికి ఆమోదముద్ర ఉన్న సీఎన్‌జీ కిట్టే పెట్టించి, ఆర్‌సీలో రాయించాం. అందులో గ్యాసు మామూలు గాలికి 200 రెట్ల ఒత్తిడిలో ఉంటుంది; అందుకే మూడేళ్లకోసారి సిలిండరు పరీక్ష తప్పదు. పెట్టిన డబ్బు ఎక్కువే, కాని కిలోమీటరు ఖర్చు తగ్గి నెమ్మదిగా తిరిగొస్తోంది.

డిక్కీ మాత్రం సిలిండరు పాలయింది. పుట్టింటివారిచ్చే కొబ్బరికాయల సంచీ ఇప్పుడు మా ఆవిడ ఒళ్లో ప్రయాణం చేస్తోంది. దాని విషయమై మాత్రం ఆవిడ నోరెత్తదు!