వాసన వస్తుందా ఎవరికైనా?

రాత్రి ఒంటిగంట దాటాక మా కాలనీ వాట్సాప్ గ్రూప్‌లో ఒక మెసేజ్ వస్తుంది: "వాసన వస్తుందా ఎవరికైనా?" రెండు నిమిషాల్లో రిప్లైలు మొదలు. "మాకు ఫుల్లుగా వస్తుంది." "బాబు లేచి దగ్గుతున్నాడు." "కిటికీలు మూసెయ్యండి, కూలర్ ఆపేయండి." ఎవరో ముక్కు మూసుకున్న ఎమోజీ పెడతారు. రెండింటికల్లా గ్రూప్ సైలెంట్. పొద్దున ఆరింటికి గుడ్ మార్నింగ్ పువ్వులు, తర్వాత వాటర్ ట్యాంకర్ టైమింగ్స్, ఆ తర్వాత "టూ బీహెచ్‌కే ఫర్ రెంట్, ఫ్యామిలీస్ ఓన్లీ". రాత్రి సంగతి మళ్లీ ఎవరూ ఎత్తరు.

పటాన్‌చెరు, ఇస్నాపూర్, పాశమైలారం, బొల్లారం, గడ్డపోతారం వైపు నుంచి వచ్చే డే స్కాలర్స్‌కి ఇది కొత్త కాదు. హాస్టల్ బ్యాచ్‌కి కూడా ఆ రూట్‌లో సాయంత్రం బస్ ఎక్కిన రోజు తెలిసే ఉంటుంది. కానీ నేను రాస్తున్నది వాసన గురించి మాత్రమే కాదు. ఇంతమంది నిద్ర చెడగొట్టిన విషయం పొద్దున్నకి వార్త ఎందుకు కాదు అని నా ప్రశ్న.

మా ఇంటికి వచ్చే పేపర్‌లో సంగారెడ్డి జిల్లా పేజీలు ఉంటాయి. నేను వాటిని ఈ మధ్యే చదవడం మొదలుపెట్టాను (ఇంగ్లిష్ మీడియం కదా, స్పీడ్ తక్కువ). ఈనాడు 1989లో జిల్లా ఎడిషన్లు తెచ్చినప్పుడు ఊళ్లో బోరింగ్ చెడిపోయినా పేపర్లో చూసుకోవచ్చని జనం సంబరపడ్డారట. ఇప్పుడు ఆ పేజీల్లో ఎక్కువగా కనిపించేవి శంకుస్థాపనలు, వినతిపత్రాలు, జయంతులు, వర్ధంతులు, రోడ్డు ప్రమాదాలు. తప్పు రాసేవాళ్లదే అని నేను అనను. మండలం విలేకరుల్లో చాలామందికి సరైన నెల జీతం ఉండదు, పైగా యాడ్స్ తెచ్చే పని కూడా వాళ్లదే. అర్ధరాత్రి ఒంటిగంట వాసనకి ఫొటో కూడా ఉండదు. ఫొటో లేని వార్త ఎవరికి కావాలి?

ఫొటో ఉన్నప్పుడు మాత్రం మేం దేశం మొత్తానికి కనిపిస్తాం. 2025 జూన్ 30 పొద్దున పాశమైలారంలోని సిగాచి ఇండస్ట్రీస్‌లో పేలుడు జరిగింది. మాత్రల తయారీలో వాడే ఒక పొడి అక్కడ తయారయ్యేది. 50 మందికి పైగా చనిపోయారు. కొందరి ఆనవాళ్లు కూడా దొరకలేదు. పటాన్‌చెరు ఏరియా ఆసుపత్రి దగ్గర కుటుంబాలు డీఎన్‌ఏ రిపోర్టుల కోసం ఎదురుచూశాయి. చనిపోయినవాళ్లలో బీహార్, ఒడిశా, ఉత్తరప్రదేశ్, జార్ఖండ్ నుంచి వచ్చినవాళ్లు ఎందరో. ఆ వారం నేషనల్ చానళ్లన్నీ "పాశమైలారం" అనే పేరు పలకడానికి తిప్పలు పడ్డాయి. తర్వాత వాళ్లు వెళ్లిపోయారు.

అంతకు ఏడాది ముందు, 2024 ఏప్రిల్‌లో, హత్నూర మండలం చందాపూర్‌లో ఒక కెమికల్ ఫ్యాక్టరీలో పేలుడు జరిగి కార్మికులు చనిపోయారు. నా క్లాస్‌లో నలుగురిని అడిగాను, ఒక్కరికీ గుర్తులేదు. నాక్కూడా వెతికితేనే దొరికింది. ఇళ్లు అక్కడికి దూరం కూడా కాదు.

మన బెల్ట్‌లో పేలితే వార్త, మెల్లగా జరిగితే కాదు. కానీ ఇక్కడ జరిగినదాంట్లో ఎక్కువ భాగం మెల్లగానే జరిగింది.

నక్కవాగు అని ఒకటి ఉంది. మనలో చాలామంది దాన్ని బ్రిడ్జి మీద నుంచి చూసి డ్రైనేజీ అనుకుంటాం. అది పటాన్‌చెరు వైపు నుంచి పారి మంజీరలో కలిసే వాగు. 1970ల్లో ఇండస్ట్రియల్ ఎస్టేట్ మొదలయ్యాక, బల్క్ డ్రగ్, కెమికల్ కంపెనీలు పెరిగాక, వాటి వ్యర్థజలాలు ఆ వాగులోకి, చెరువుల్లోకి చేరాయి. ఒడ్డున పొలాలున్న రైతుల పంటలు పోయాయి, బోర్లలో నీళ్లు రంగు మారాయి. పటాన్‌చెరులో క్లినిక్ నడిపిన డాక్టర్ కిషన్ రావు తన దగ్గరికి వచ్చే పేషెంట్లను చూసి దీని వెంటపడ్డారు, దశాబ్దాలు పోరాడారు. 1990లో సుప్రీంకోర్టులో కేసు పడింది. అది తర్వాత హైకోర్టుకు, అక్కడి నుంచి నేషనల్ గ్రీన్ ట్రిబ్యునల్‌కు వెళ్లి, 2017లో తీర్పు వచ్చింది. అంటే 27 ఏళ్లు. నా వయసు 19.

ఇంకొకటి. మన కంపెనీల వ్యర్థజలాలను శుద్ధి చేయడానికి 1990ల్లో పటాన్‌చెరులో ఒక ఉమ్మడి ప్లాంట్ పెట్టారు. 2007లో స్వీడన్ పరిశోధకులు అక్కడ శుద్ధి అయి బయటికి వచ్చే నీళ్లను పరీక్షించి ఒక పేపర్ ప్రచురించారు. జ్వరం వస్తే మనకి రాసే సిప్రోఫ్లాక్సాసిన్ లీటరుకి 31 మిల్లీగ్రాముల దాకా ఉంది. రోజుకి సుమారు 45 కిలోలు బయటికి పోతోందని లెక్కేశారు. అప్పట్లో 90 లక్షల జనాభా ఉన్న స్వీడన్ మొత్తం 5 రోజుల్లో వాడే మందు అంత! యాంటీబయాటిక్ రెసిస్టెన్స్ మీద ప్రపంచంలో ఎక్కడ చర్చ జరిగినా ఆ పేపర్ ప్రస్తావన వస్తుంది. మన ఇంటి వెనక వాగు సంగతి గోథెన్‌బర్గ్ యూనివర్సిటీ వాళ్లు రాస్తే మనకి తెలిసింది. నాకైతే అది కొంచెం సిగ్గుగా అనిపించింది.

సరే, మనం ఎందుకు రాయట్లేదు? రెండు కారణాలు చెప్తా, రెండూ మా గ్రూప్‌లోనే చూశాను.

మొదటిది ప్లాట్ రేట్లు. ఒకసారి నేను వాసన మెసేజ్‌లన్నీ కలిపి స్క్రీన్‌షాట్ తీసి పెడితే అడ్మిన్ అంకుల్ విడిగా ఫోన్ చేశారు. "బాబూ, ఇవి బయటికి పోతే మన ఏరియా పేరు ఖరాబవుతది. ఎవరన్నా ఫ్లాట్ అమ్ముకోవాలంటే ఎట్లా?" ఆయన చెడ్డవాడు కాదు. జీవితమంతా కూడబెట్టిన డబ్బు ఆ ఫ్లాట్‌లో ఉంది. తర్వాత వారమే గ్రూప్‌లో 90 రోజులకి మెసేజ్‌లు మాయమయ్యే సెట్టింగ్ పెట్టారు, ఫోన్ స్టోరేజ్ కోసం అన్నారు. అప్పటి నుంచి రాత్రి పెట్టే మెసేజ్‌లన్నీ 90 రోజులకే పోతున్నాయి.

రెండోది జీతాలు. మా కాలనీలో సగం ఇళ్లు కంపెనీల మీదే బతుకుతున్నాయి. మా ఇల్లు కూడా. నాన్న ఒక బల్క్ డ్రగ్ యూనిట్‌లో షిఫ్ట్ డ్యూటీ చేస్తారు, నా ఫీజు ఆ జీతంలోంచే వస్తుంది. ఈ ఆర్టికల్ రాస్తున్నా అని చెప్తే తిడతారనుకున్నా. ఆయన అన్నది ఒకటే: "రాయి. కానీ వాసన చూసి కంపెనీ పేరు చెప్పలేం బిడ్డా. తెలియనిది రాయకు." అందుకే ఇందులో రాత్రి వాసనకి ఏ కంపెనీ పేరూ లేదు.

ఆ మాట మీదే నేను ఇంకొంచెం చదివాను. రాత్రి వాసన వచ్చిందంటే రాత్రే గ్యాస్ వదిలారని గ్యారంటీ లేదు. రాత్రి నేల చల్లబడి, కింద గాలి చల్లగా, పైన వెచ్చగా ఉంటే, కింది గాలి పైకి లేవదు. పగలు చెదిరిపోయేది రాత్రి మన కిటికీల ఎత్తులోనే ఆగుతుంది. చలికాలంలో ఇది ఇంకా ఎక్కువ. కాబట్టి వదిలారా, ఆగిందా అని తేల్చాలంటే టైమ్ కావాలి, గాలి దిశ కావాలి, ఒకటి కాదు చాలా రాత్రుల రికార్డ్ కావాలి. మన దగ్గర ఉన్నది ఎమోజీ మాత్రమే.

"ఏక్యూఐ యాప్‌లో చూస్తే గ్రీన్ ఉంది, నీకు ఊరికే అనిపిస్తుంది" అని ఒక ఫ్రెండ్ అన్నాడు. పాశమైలారం, బొల్లారం, ఇక్రిశాట్ దగ్గర గాలి కొలిచే ఆటోమేటిక్ స్టేషన్లు నిజంగానే ఉన్నాయి, వాటి రీడింగ్స్ కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి సైట్‌లో ఎవరైనా చూడొచ్చు. కానీ ఏక్యూఐ లెక్కలోకి వచ్చేవి ఎనిమిదే: రెండు రకాల దుమ్ము కణాలు, నైట్రోజన్ డయాక్సైడ్, సల్ఫర్ డయాక్సైడ్, కార్బన్ మోనాక్సైడ్, ఓజోన్, అమ్మోనియా, సీసం. ఫార్మాలో వాడే సాల్వెంట్లు ఆ లిస్ట్‌లో లేవు. నెయిల్ పాలిష్ రిమూవర్ లాంటి వాసన గదంతా నిండినా ఏక్యూఐ గ్రీన్‌లోనే ఉండొచ్చు. ఆ నంబర్ అబద్ధం చెప్పట్లేదు, మనం అడిగింది దానికి తెలియదు, అంతే.

మన సీఎస్ఈ వాళ్లకి ఈజీగా అర్థమయ్యేలా చెప్తా. "యాప్ పని చేయట్లేదు" అని బగ్ రిపోర్ట్ పెడితే ఏమవుతుంది? ఏ టైమ్‌లో, ఏ స్క్రీన్‌లో, ఏం నొక్కితే అని రాయకపోతే "మా దగ్గర రావట్లేదు" అని క్లోజ్ చేస్తారు. మన కంప్లైంట్లు కూడా అలాగే క్లోజ్ అవుతున్నాయి. రాత్రి ఫోన్ చేస్తాం, ఎవరైనా వచ్చేసరికి తెల్లారుతుంది, వాసన ఉండదు. సాక్ష్యం గాలిలో కలిసిపోయింది అనేది ఇక్కడ సామెత కాదు, నిజంగా జరిగేదే.

అందుకని నేను అడిగేది చిన్నది. లాగ్ రాద్దాం. దయచేసి ఎవరూ ముందు యాప్ మొదలుపెట్టకండి, అది హ్యాకథాన్ అయ్యాక చచ్చిపోతుంది. ఒక షేర్డ్ షీట్ చాలు. తేదీ, మొదలైన టైమ్, ఆగిన టైమ్, ఏ కాలనీ, గాలి ఎటు నుంచి, వాసన ఎలాంటిది (కుళ్లిన గుడ్డు, కుళ్లిన క్యాబేజీ, స్పిరిట్, కాలిన ప్లాస్టిక్), ఇంట్లో ఎవరికైనా దగ్గు, కళ్ల మంట ఉందా. ఏం రాకపోతే "ఏం లేదు" అని కూడా రాయాలి, లేకపోతే ఆ లెక్క ఎవరూ నమ్మరు. పేర్లు, ఫ్లాట్ నంబర్లు వద్దు, కంపెనీ పేరు అసలు వద్దు. పక్కన స్టేషన్ గాలి దిశ కాలమ్ పెట్టుకుంటే ఒక సెమిస్టర్‌లో మనకే ఏదో ఒకటి కనిపిస్తుంది. వాసన కాదు, వాతావరణమే అని తేలినా మంచిదే, తెలుస్తుంది కదా.

రెండో పని, పేపర్లో మనం దాటేసే చిన్న అక్షరాల ప్రకటనలు చదవడం. కొత్త ఫ్యాక్టరీకి గానీ, పాతదాని విస్తరణకి గానీ ప్రజాభిప్రాయ సేకరణ పెడితే, 2006 నోటిఫికేషన్ ప్రకారం కనీసం 30 రోజుల ముందు ఒక జాతీయ పత్రికలో, ఒక ప్రాంతీయ భాషా పత్రికలో ప్రకటన ఇవ్వాలి. ఆమోదం ఉన్న ఇండస్ట్రియల్ ఎస్టేట్ లోపల వచ్చేవాటికి ఆ హియరింగ్ అవసరం లేదనే మినహాయింపు కూడా అందులోనే ఉంది. అంటే మనల్ని అడిగే చాన్స్‌లే తక్కువ. అడిగినప్పుడైనా మనం అక్కడ ఉండాలి.

మూడోది నాకే ఇంకా సరిగ్గా ఎలా చేయాలో తెలియదు. మా గ్రూప్‌లో లేనివాళ్లు ఇస్నాపూర్, పాశమైలారంలో ఒక్కో గదిలో నలుగురైదుగురు ఉంటున్న కార్మికులు. రాత్రి షిఫ్ట్‌లో ఏం జరిగిందో మనకంటే వాళ్లకే తెలుసు. వాళ్లు తెలుగు పేపర్ చదవరు, కాలనీ గ్రూపుల్లో ఉండరు, వాళ్ల గురించి పేపర్లో వచ్చేది మృతుల లిస్ట్‌లోనే. మన కాలేజ్‌లో హిందీ, ఒడియా వచ్చినవాళ్లు ఉన్నారు. కనీసం టీ కొట్టు దగ్గర మాట్లాడి నాలుగు లైన్లు రాయొచ్చు, వాళ్ల ఉద్యోగం పోకుండా, పేరు లేకుండా.

"ఇదంతా చేస్తే కంపెనీలు పోతాయి, ఉద్యోగాలు పోతాయి" అనే మాట వస్తుందని తెలుసు. ఇక్కడ తయారయ్యే మందులు ప్రపంచమంతా వాడుతోంది, మా అమ్మమ్మ బీపీ మాత్ర కూడా ఎక్కడో ఇలాంటి షెడ్‌లోనే పుట్టి ఉంటుంది. మూసెయ్యమని ఎవరన్నారు? నిజానికి రికార్డ్ లేకపోతే నష్టపోయేది పద్ధతిగా నడిపే కంపెనీయే, ఎందుకంటే అందరినీ ఒకే గాటన కడతారు. రైతులకు పరిహారం ఇవ్వాలని కోర్టు చెప్పినప్పుడు కూడా ముందు ఎవరి పొలం ఎంత పోయిందో లెక్క కావాల్సి వచ్చింది. లెక్క లేకపోతే బాధ ఉంటుంది గానీ కేసు ఉండదు.

2025 ఫిబ్రవరిలో గుమ్మడిదల మండలం ప్యారానగర్ దగ్గర డంప్‌యార్డ్ వద్దని చుట్టుపక్కల ఊళ్ల జనం రోడ్డు మీద కూర్చున్నారు కాబట్టి అది వార్త అయింది. అందరం రోడ్డు మీద కూర్చోలేం. ఫోన్‌లో రెండు లైన్లు టైప్ చేయగలం.

క్లబ్ ఎడిటర్లను ఒకటి అడుగుతున్నా: వచ్చే సంచిక నుంచి ఒక పేజీ "మన ఏరియా" అని ఇవ్వండి. కవితలు తగ్గించమని కాదు, చివర్లో అయినా ఫర్వాలేదు. మా కాలనీ నుంచి షీట్ మొదలైంది, ప్రస్తుతానికి రాసేది నేను, పక్క బ్లాక్ ఆంటీ, ఇద్దరమే. ఆంటీ గుడ్ మార్నింగ్ పువ్వులు కూడా ఆపలేదు. బొల్లారం, కాజిపల్లి, సంగారెడ్డి టౌన్, బీహెచ్‌ఈఎల్ వైపు నుంచి ఒక్కొక్కరు దొరికితే చాలు. ఈ రాత్రి మెలకువ వస్తే గ్రూప్‌లో అడిగే ముందు ఒకసారి టైమ్ చూసి రాసుకోండి.